నాలుగు నామినేషన్లు, రెండు పోటీలు: ఒక మున్సిపల్ స్వతంత్ర అభ్యర్థి కేస్ స్టడీ

మా పట్టణంలో ఎవరినడిగినా ఆయన నాలుగుసార్లు కౌన్సిలర్ పదవికి నిలబడి నాలుగుసార్లూ ఓడిపోయారనే చెబుతారు. కాగితాలు తిరగేస్తే సంగతి వేరు. 2000, 2005, 2014, 2020 సంవత్సరాల్లో జరిగిన నాలుగు మున్సిపల్ ఎన్నికలలోనూ ఆయన నామినేషన్ వేసిన మాట నిజమే. అయితే మొదటి నామినేషన్ పరిశీలనలోనే తిరస్కరణకు గురైంది, మూడోదాన్ని ఆయనే ఉపసంహరించుకున్నారు. అంటే ఓటర్ల ముందు నిలిచి ఓడింది రెండుసార్లే. ఈ తేడా ఊరికి పట్టలేదు, నిజానికి ఆయనకూ పట్టలేదు. న్యాయవాదిగా 2005 నుంచి ఆయన ఎన్నికల కాగితాలన్నీ నా చేతి మీదుగా నడిచాయి గనుక నాకు మాత్రం పట్టింది. ఈ కేసును ఆయన అనుమతితోనే రాస్తున్నాను. వార్డు నంబర్లు గాని ఓట్ల లెక్కలు గాని ఇస్తే ఊరూ మనిషీ తెలిసిపోతారు కాబట్టి వాటిని వదిలేస్తున్నాను.

ఆయనది తహసీల్ కార్యాలయం ఎదుట ఒక చిన్న జిరాక్సు సెంటరు. జిరాక్సు తీయించుకోవడానికి వచ్చేవారిలో సగం మందికి అర్జీ కూడా రాయించుకోవలసి ఉంటుంది. పింఛను రాకపోతే, ఇంటిపన్ను రెట్టింపు వేస్తే, నల్లా కనెక్షన్ ఇవ్వకపోతే, కుళాయిలో మురుగునీరు వస్తే, అర్జీ ఎవరికి రాయాలో, ఏ కాగితం జత చేయాలో ఆయనకు నోటికి వచ్చు. రాసినందుకు డబ్బు తీసుకోరు, జిరాక్సు డబ్బు మాత్రమే తీసుకుంటారు. ఆయన రాజకీయమంతా ఈ దుకాణం నుంచే పుట్టింది. నా అంచనాలో ఆయన ఓటమి కూడా ఇక్కడినుంచే పుట్టింది. ఎందుకలా అంటున్నానో తరువాత చెబుతాను.

తిరస్కరణ

2000 సంవత్సరం మార్చిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మున్సిపల్ ఎన్నికలు జరిగినప్పుడు చైర్‌పర్సన్‌ను కూడా ప్రజలే నేరుగా ఎన్నుకునేవారు. పట్టణంలో హడావుడంతా ఆ పదవి చుట్టే తిరిగింది, వార్డు అభ్యర్థులను పట్టించుకున్నవారు తక్కువ. ఆయన తన వార్డుకు నామినేషన్ వేశారు. ఓటరు జాబితాలో పేరుంది, పన్ను బకాయి లేదు, డిపాజిట్ కట్టిన రశీదుంది. ప్రతిపాదకుడిగా సంతకం చేసిన స్నేహితుడి ఓటు మాత్రం రోడ్డుకు అవతలి వైపున, పక్క వార్డులో ఉంది. మున్సిపాలిటీలో ఎక్కడ ఓటున్నా అభ్యర్థి ఏ వార్డులోనైనా పోటీ చేయవచ్చు, కాని ప్రతిపాదకుడు అదే వార్డు ఓటరై ఉండాలి. ఆ ఒక్క కారణంతో పత్రం తిరస్కరించారు. రిటర్నింగ్ అధికారి చేసిన దాంట్లో తప్పేమీ లేదు, నేనైనా అదే చేసేవాణ్ని. స్వతంత్ర అభ్యర్థుల నామినేషన్లు పెద్ద పెద్ద చట్టపరమైన అనర్హతల వల్ల కాకుండా ఇలాంటి చిన్న లోపాల వల్లే ఎక్కువగా పడిపోతుంటాయని నా అనుభవం. పార్టీ అభ్యర్థి వెనుక కాగితాలు చూసే మనిషి ఒకడుంటాడు. స్వతంత్రుడికి ఆ మనిషి ఉండడు.

ఊళ్లో మాత్రం ఆయన ఓడిపోయారన్న మాటే మిగిలింది. తిరస్కరణ అన్న మాటను దుకాణం దగ్గర నాలుగురోజులు చెప్పి, తరువాత ఆయనే మానుకున్నారు.

వార్డు నిలవదు

అసెంబ్లీకో పార్లమెంటుకో పదేపదే పోటీ చేసేవారికి లేని చిక్కు ఒకటి మున్సిపల్ వార్డులో ఉంది. అసెంబ్లీ నియోజకవర్గం దశాబ్దాల తరబడి దాదాపు ఒకే హద్దులతో, ఒకే రిజర్వేషన్‌తో ఉంటుంది. వార్డు అలా ఉండదు. ప్రతి ఎన్నికకూ మహిళలకు, వెనుకబడిన తరగతులకు, ఎస్సీ, ఎస్టీలకు కేటాయించే వార్డులు మారుతుంటాయి. అప్పుడప్పుడు పునర్విభజన జరిగి వార్డు హద్దులే మారిపోతాయి. 2005లో ఆయన సొంత వార్డు మహిళలకు రిజర్వయింది. ఇలాంటప్పుడు భార్యను నిలబెట్టడం మన దగ్గర ఆనవాయితీ. ఆ సూచన నేనే చేశాను. ఆమె దుకాణంలోకి వచ్చి, "నీ పిచ్చికి నా పేరెందుకు, నా ఫోటో గోడల మీద ఎందుకు" అని ఆయనతో అని, నా వైపు ఒక చూపు చూసి వెళ్లిపోయింది. ఆ చూపు తరువాత ఆ సూచన నేనింకెవరికీ చేయలేదు.

దాంతో ఆయన వేరే వార్డుకు వెళ్లారు. ప్రతిపాదకుణ్ని ఈసారి నేనే ఓటరు జాబితాలో వరుస సంఖ్యతో సహా సరిచూశాను. పోటీ జరిగింది, డిపాజిట్ పోయింది. అక్కడి ఓటర్లకు ఆయన ముఖపరిచయమే తప్ప పొరుగువాడు కాదు. అంతకు మించి, ఆ ఎన్నిక నాటికి చైర్‌పర్సన్ ఎన్నిక పరోక్షంగా మారిపోయింది, అంటే కౌన్సిలర్లే చైర్‌పర్సన్‌ను ఎన్నుకోవాలి. వార్డులో వేసే ఓటు ఆ క్షణం నుంచి పట్టణ పీఠానికి వేసే ఓటయింది. ప్రచారంలో ఒక ముసలాయన ఆయన్ను ఆపి అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది: "నువ్వు గెలిస్తే ఏ క్యాంపుకు పోతవు బిడ్డా?" ఫలితాలు వచ్చిన రాత్రే గెలిచినవారిని బస్సుల్లో ఎక్కించుకుని చైర్‌పర్సన్ ఎన్నిక రోజు వరకు ఏ రిసార్టులోనో దాచి ఉంచడం అందరూ చూసిన సంగతే. పార్టీ గుర్తుపై గెలిచినవారికి విప్ (ఎవరికి ఓటు వేయాలో చెప్పే పార్టీ ఆదేశం) భయం ఉంటుంది, స్వతంత్రుడికి అది లేదు గనుక అతని ధర ఎక్కువ. ఏ క్యాంపుకూ పోనని ఆయన జవాబిచ్చారు. ముసలాయన తల ఊపి, "మరి మా పని ఎట్లయితది?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఆ రోజు ఆయన దగ్గర సమాధానం లేదు, నా దగ్గరా లేదు.

2005 సెప్టెంబరులో ఆ ఎన్నిక ముగిస్తే, అక్టోబరు 12న సమాచార హక్కు చట్టం పూర్తిగా అమలులోకి వచ్చింది. ఓడిన మనిషికి నెల తిరక్కముందే కొత్త ఆయుధం దొరికినట్టయింది. పది రూపాయల రుసుముతో ఏ వీధికి ఎంత మంజూరైంది, ఏ కాంట్రాక్టరుకు ఎంత చెల్లించారు, కొలతల పుస్తకంలో ఏమి రాశారు అని ఆయన అడగడం మొదలుపెట్టారు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. 2010లో పాలకవర్గం గడువు ముగిసి 2014 వరకు ఎన్నికలు లేక మున్సిపాలిటీలు ప్రత్యేకాధికారుల చేతుల్లో ఉన్న కాలంలో ఆయన దరఖాస్తుల దొంతర ఒక బీరువా నిండింది. అడగడానికి కౌన్సిలర్ లేని ఆ మూడున్నరేళ్లలో పట్టణానికి ఆయనే కౌన్సిలర్ అని చెప్పినా అతిశయోక్తి కాదు. అందుకే 2014లో గెలుపు ఖాయమని నేను కూడా నమ్మాను.

ఉపసంహరణ

ఈ కేసులో నేను చాలాకాలం ఆలోచించింది 2014 నామినేషన్ గురించి. పోలింగ్ మార్చి 30న. ఉపసంహరణ గడువుకు ముందురోజు రాత్రి ఒక ప్రధాన పార్టీ అభ్యర్థి ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు. వార్డు ఎన్నికలో గెలుపోటముల తేడా కొన్ని పదుల ఓట్లు మాత్రమే కావచ్చు గనుక, వంద ఓట్లు చీల్చగల స్వతంత్రుణ్ని 'కూర్చోబెట్టడం' అక్కడ మామూలు వ్యవహారం. మొదట డబ్బు మాట వచ్చింది. ఆయన ఒప్పుకోలేదు. అప్పుడు వాళ్లే అడిగారు, మరేం కావాలని. వార్డు మధ్యలో వాన పడితే నడుం లోతు నీళ్లు నిలిచే ఒక మలుపుంది, అక్కడ కల్వర్టు కట్టాలని ఆయన 2001 నుంచి అర్జీలు పెడుతున్నారు. ఆ కల్వర్టు కట్టిస్తానని మాట ఇవ్వమన్నారు.

ఆ రాత్రి పదకొండు గంటలకు నాకు ఫోన్ చేసి, "వకీలు సాబ్, ఇది తప్పయితదా?" అని అడిగారు. సూటిగా జవాబు చెప్పడం కష్టమైన ప్రశ్న. అప్పటి భారత శిక్షాస్మృతి 171ఏ సెక్షన్ 'ఎన్నికల హక్కు'ను నిర్వచిస్తూ, నిలబడే హక్కుతో పాటు నిలబడకుండా ఉండే హక్కును, ఉపసంహరించుకునే హక్కును కూడా అందులో చేర్చింది. 171బీ ప్రకారం ఆ హక్కును వినియోగించుకోవడానికి ప్రతిఫలం ఇవ్వడమూ తీసుకోవడమూ లంచమే. డబ్బు తీసుకుని తప్పుకుంటే ఇచ్చినవాడితో పాటు తీసుకున్నవాడూ నేరస్థుడే అవుతాడు. అయితే ప్రజావిధానాన్ని ప్రకటించడం, ప్రజాపనులు చేస్తామని వాగ్దానం చేయడం ఈ సెక్షన్ కింద నేరం కాదని అదే 171బీలో మినహాయింపు ఉంది. (ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో ఇవే 169, 170 సెక్షన్లుగా ఉన్నాయి.) కల్వర్టు ఆయన ఇంటికి కాదు, వీధికి. కాబట్టి అది ప్రజాపని వాగ్దానమేనన్న వాదన నిలుస్తుంది. కాని ఒక అభ్యర్థి మరో అభ్యర్థికి నాలుగు గోడల మధ్య ఇచ్చిన మాటను చట్టం ఆ మినహాయింపులో చేరుస్తుందా అన్నది ఒక న్యాయస్థానం ముందు నేను ధీమాగా వాదించగలిగిన విషయం కాదు. ఆ మాటే ఆయనతో చెప్పి, రూపాయి కూడా చేతులు మారకూడదని, రాతపూర్వకంగా ఏదీ ఉండకూడదని, ఇచ్చిన మాటను ఆ అభ్యర్థి తన ప్రచారసభలో అందరి ముందూ ప్రకటించాలని మాత్రం సలహా ఇచ్చాను. ఆ మూడో షరతు మా కేసుకు రక్షణ. బహిరంగంగా చెప్పిన మాట ఓటర్లందరికీ ఇచ్చిన వాగ్దానమవుతుంది.

మర్నాడు గడువు ముగిసేలోపు ఆయన స్వయంగా వెళ్లి ఉపసంహరణ నోటీసు ఇచ్చారు. ఆ సాయంత్రం వార్డు సభలో కల్వర్టు ప్రకటన వచ్చింది. మార్చిలో వేసిన ఓట్లను, సార్వత్రిక ఎన్నికలపై ప్రభావం పడకూడదని, మే 12న లెక్కించారు. ఆ అభ్యర్థి గెలిచాడు. మధ్యలో జూన్ 2న తెలంగాణ ఏర్పడి మా రాష్ట్రం మారింది, జులైలో చైర్‌పర్సన్ ఎన్నికలు జరిగాయి, గెలిచిన ఆ కౌన్సిలర్ పార్టీ కూడా మారాడు. కల్వర్టు మాత్రం మరుసటి ఏడాది వానాకాలానికి ముందే పూర్తయింది.

ఇరవై ఏళ్లలో ఆయన పోటీల వల్ల పట్టణానికి దక్కిన, చేత్తో తాకి చూడగలిగిన పని అదొక్కటే, అదీ పోటీ చేయకపోవడం వల్ల దక్కింది. దీన్ని ఆయన ఇప్పటికీ ఓటమి ఖాతాలోనే వేసుకుంటారు. నేను ఒప్పుకోను. బీ-ఫారం (పార్టీ తన అభ్యర్థికి ఇచ్చే అధికార పత్రం) లేని మనిషి చేతిలో బేరానికి పెట్టగల వస్తువు ఒకటే ఉంటుంది, అది బ్యాలెట్ మీద తన పేరు. దాన్ని ఆయన అమ్ముకోకుండా మార్చుకున్నారు. అయితే ఆ పద్ధతిని మరో అభ్యర్థికి నేను సూచిస్తానా అంటే, సూచించను. అదే ఎన్నికలో పక్క వార్డుల్లో అదే పద్ధతిలో తప్పుకున్నవారికి ఏమి దక్కిందో నాకు తెలుసు, దానికి కల్వర్టు అన్న పేరు మాత్రం లేదు.

2020

ఈసారి రిజర్వేషన్లు నామినేషన్లకు కొద్ది రోజుల ముందే ఖరారయ్యాయి. కొత్త మున్సిపల్ చట్టం కింద వార్డులు పునర్విభజన అయ్యాయి. ఆయన పాత వార్డు మూడు ముక్కలై మూడు వార్డుల్లో కలిసింది. 2001 నుంచి ఆయన చేత అర్జీలు రాయించుకున్న ఇళ్లు ఒక దగ్గర లేవు. జనవరి 8 నుంచి 10 వరకు నామినేషన్లు, 11న పరిశీలన, 14న ఉపసంహరణ గడువు, 22న పోలింగ్. మున్సిపాలిటీ వార్డుకు జనరల్ అభ్యర్థికి డిపాజిట్ రూ. 2,500, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు అందులో సగం. ఖర్చు పరిమితి లక్ష రూపాయలు. అభ్యర్థికి ఆర్థికంగా ఇది మోయలేని భారం కాదు. అసెంబ్లీకి పదివేలు, పార్లమెంటుకు పాతికవేలు డిపాజిట్ కట్టాల్సిన చోటుతో పోలిస్తే వార్డు ద్వారం తెరిచే ఉంటుంది.

ఈ సందర్భంలో తమిళనాడు మేట్టూరుకు చెందిన కె. పద్మరాజన్ ప్రస్తావన తేకుండా ఉండలేను. 1988 నుంచి రెండువందలకు పైగా నామినేషన్లు వేసిన ఆయన, 1991లో నంద్యాల ఉప ఎన్నికలో నాటి ప్రధాని పి.వి. నరసింహారావు మీద కూడా నిలబడ్డారు. మా కక్షిదారును పట్టణంలో కొందరు ఆ వరుసలో లెక్కవేసి నవ్వుతుంటారు. అది సరైన పోలిక కాదు. పద్మరాజన్‌కు పోటీయే లక్ష్యం, ఓటమిని ఆయన రికార్డుగా లెక్కపెట్టుకుంటారు. 1996లో నల్గొండ పార్లమెంటు స్థానంలో ఫ్లోరైడ్ నీటి సమస్యపై నిరసనగా నిలబడ్డ వందలాది మంది అభ్యర్థులది మరో రకం: ఒకే ఒక్కసారి, అందరూ కలిసి, 480 పేర్లతో బ్యాలెట్‌ను పుస్తకం చేసి దేశం కళ్లు తమవైపు తిప్పుకున్నారు. ఆ ఏడాదే పార్లమెంటు డిపాజిట్‌ను ఐదువందల నుంచి పదివేలకు పెంచారు. మా కక్షిదారు ఈ రెండు రకాలలోనూ లేరు. ఆయన నిజంగానే గెలవాలనుకున్నారు, ప్రతిసారీ.

2020లో 'స్వతంత్రుడు' అన్న మాటకే విలువ తగ్గిపోయిన ఎన్నిక జరిగింది. బీ-ఫారం దక్కని పార్టీవాళ్లు చాలాచోట్ల ఆలిండియా ఫార్వర్డ్ బ్లాక్ సింహం గుర్తు మీద, మిగతావాళ్లు స్వతంత్రులుగా బరిలోకి దిగారు. గెలిచినవారిలో అనేకులు తిరిగి పాత గూటికే చేరారు. కొల్లాపూర్ వంటి చోట్ల రెబల్ వర్గం బలం నిరూపించుకున్నా, చైర్‌పర్సన్ ఎన్నికలో ఎమ్మెల్యేల, ఎంపీల, ఎమ్మెల్సీల ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా వచ్చే) ఓట్లు లెక్క మార్చగలవని రాష్ట్రమంతా చూసింది. మా వార్డులోనూ ఇద్దరు రెబల్స్ ఉన్నారు. ఇంటింటికీ తిరిగినప్పుడు ఓటరుకు వాళ్లూ స్వతంత్రులే, ఈయనా స్వతంత్రుడే. తాను ఎవరి రెబల్‌నూ కానని చెప్పుకోవడానికే ఆయనకు సగం ప్రచారం సరిపోయింది.

ఇక నా పొరపాటు. ఇరవై ఏళ్ల అర్జీలను, సమాచార హక్కు జవాబులను, వాటివల్ల కదిలిన పనులను ఒక కరపత్రంగా అచ్చు వేయమని సలహా ఇచ్చింది నేనే. నాలుగు పేజీలు, చక్కగా ఏళ్ల వారీగా. ఇంటింటికీ ఇచ్చారు. ఓటమి తరువాత అదే వార్డులోని ఒక టైలరు నాతో, ఏ కల్మషం లేకుండా, అన్న మాట నాకు ఈ కేసు మొత్తాన్ని విప్పి చెప్పింది: "సార్, అన్న గెలిచి కౌన్సిల్ల కూసుంటే మా అర్జీలు ఎవరు రాస్తరు? అన్న బయటనే ఉండాలె." మేము పంచిన కరపత్రం ఓటరుకు చేసిన రుజువు ఇదే: ఈ మనిషి పదవి లేకుండానే పని చేయించగలడు. అలాంటప్పుడు ఓటును వేరే చోట పెట్టుకోవడం, నిధులు తేగల పార్టీ మనిషికి వేసి, నిలదీయగల మనిషిని దుకాణంలో అట్టే ఉంచుకోవడం, ఆ ఓటరు వైపు నుంచి చూస్తే తెలివైన లెక్క. ఎన్నికల్లో ఆయన ఎంత ఓడితే అంత పనికొచ్చారు, ఎంత పనికొస్తే అంత ఓడారు. 2005లో ముసలాయన వేసిన "మా పని ఎట్లయితది" అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా నేను ఇరవై ఏళ్ల పనుల జాబితా అచ్చు వేయించాను. జవాబు చెప్పాలంటే, కౌన్సిల్ లోపల ఒంటరి సభ్యుడు ఏమి చేయగలడో, అజెండాలో ఏ అంశం పెట్టించగలడో, ఎవరి ఓటుతో తీర్మానం నెగ్గించగలడో చెప్పాలి. ఆ పని మేము చేయలేదు.

మరో లోపం చెప్పుకోవలసింది పోలింగ్ ఏజెంట్ల సంగతి. ఆ వార్డు పోలింగ్ కేంద్రాలన్నింటికీ ఆయనకు ఏజెంట్లు దొరకలేదు. 2020లో ఓటు యంత్రాలు కాకుండా బ్యాలెట్ పత్రాలు వాడారు గనుక, చెల్లని ఓట్ల పరిశీలన వేళ లెక్కింపు కేంద్రంలో ఆయన తరఫున నేనొక్కణ్నే ఉన్నాను. ఫలితం మారేంత తేడా లేదు, ఆ మాట నిజాయితీగా చెప్పాలి. డిపాజిట్ పోయింది.

లెక్కలు

ఓడిన స్వతంత్రులు ఎక్కువగా మరిచిపోయే బాధ్యత ఒకటి మిగిలింది. ఫలితం ప్రకటించిన 45 రోజుల్లో ఎన్నికల ఖర్చుల లెక్క సమర్పించాలి. సమర్పించనివారిని రాష్ట్ర ఎన్నికల సంఘం మూడేళ్ల పాటు అనర్హులుగా ప్రకటించవచ్చు. గెలిచినవాడు పదవి పోతుందన్న భయంతో ఇస్తాడు. ఓడినవాడు ఇక ఎవరు అడుగుతారులే అనుకుంటాడు. మళ్లీ నిలబడాలనుకునే మనిషికి పోలింగ్ రోజు కంటే ఈ 45 రోజులే ముఖ్యమని నేను చెప్పనవసరం లేకపోయింది. కరపత్రం బిల్లు, ఆటో మైకు అద్దె, ఏజెంట్ల టిఫిను, ఉప్మాకు కూడా రశీదు జతచేసి, తన దుకాణంలోనే మూడు ప్రతులు జిరాక్సు తీసుకుని గడువుకు చాలాముందే ఆయన వచ్చారు. ఒక జిరాక్సు ఖర్చును లెక్కలో ఎలా చూపాలని అడిగారు, సొంత దుకాణమే కదా అని. మార్కెట్ ధరకు చూపమన్నాను.

ఆ పాలకవర్గాల గడువు 2025 జనవరిలో ముగిసి మళ్లీ ప్రత్యేకాధికారుల పాలన వచ్చాక ఆయన నా ఆఫీసుకు ఒక కాగితం తెచ్చారు. అందులో ఆరు వార్డులు, ఒక్కో వార్డు కింద ఇద్దరేసి ఓటర్ల పేర్లు, వారి వరుస సంఖ్యలు ఉన్నాయి. ఏ వార్డు ఏ వర్గానికి వెళ్తుందో ముందుగా తెలియదు గనుక, ప్రతిచోటా ప్రతిపాదకుడు సిద్ధంగా ఉండాలన్నారు, ఒకరికి అడ్డం వస్తే మరొకరు. పేర్లన్నీ జాబితాతో సరిచూశాను. ఒకాయన ఓటు ఆ వార్డులో లేదు, రోడ్డుకు అవతలి వైపున ఉంది. ఆ పేరు కొట్టేసి, కింద ఖాళీ వదిలాను.